నల్లడబ్బా ఎవరు తీశారు?

లాకప్ దగ్గర భూతద్దానికి ఇచ్చిన టైము పది నిమిషాలు. అందులో మూడు నిమిషాలు కానిస్టేబుల్ తాళంచెవి వెతుక్కోవడానికే సరిపోయాయి. మిగిలిన ఏడు నిమిషాల్లో ఒక మనిషిని జన్మఖైదు నుంచి తప్పించే మాటేదో రాబట్టాలి.

భూతద్దం అంటే మనిషే లెండి. అసలు పేరు భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం వెలగబెట్టి, పై అధికారితో మాటా మాటా పెరిగి, ఖాకీ చొక్కా విప్పి బల్లమీద పడేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. జేబులో ఎప్పుడూ గాజుముక్క ఒకటి ఉంటుంది కాబట్టి జనం ఆ పేరే ఖాయం చేశారు.

కటకటాల అవతల కూర్చున్నవాడు ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్. నలభై రెండేళ్ళొచ్చినా అందరికీ 'పేజీలబ్బాయే'. అక్షరం ఎంత లావుండాలి, ఏ మాట పైన, ఏ మాట కింద, ఎక్కడ ఖాళీ వదలాలి... ఇదే వాడి పని, ఇదే వాడి పిచ్చి. పోయిన నెల ఒక ఆస్పత్రివాళ్ళు కీళ్లవాపు మాత్రలతో పాటు రోగులకి ఇవ్వడానికి ఆ ప్రెస్సులో కరపత్రం చేయించుకున్నారు. ఆ మాత్ర వారానికి ఒక్కటే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఒంట్లో రక్తం తయారవడమే ఆగిపోతుంది. ఆ సంగతి కరపత్రంలో లేకపోలేదు. ఉంది! వెనకవైపు, మూడో పేరాలో, ఐదో వరసలో: 'ఈ మాత్ర వారానికోసారి వేసుకుంటే సరిపోతుంది.' అంతే. ముందువైపు మాత్రం నవ్వుతున్న ముసలాయన బొమ్మ, 'కీళ్లనొప్పులకి ఇక సెలవు!' అని బొటనవేలంత అక్షరాలు. ముగ్గురు మనుషులు ఆ మాత్ర రోజూ వేసుకున్నారు. ముగ్గురూ పోయారు.

"మొదట నువ్వు చేసిన పేజీలో ఆ హెచ్చరిక ఎక్కడుంది?" అని అడిగాడు భూతద్దం.

"పైనే సార్. అన్నిటికంటే పైన. నల్లడబ్బాలో తెల్ల అక్షరాలు."

"దాన్ని తీసి వెనక్కి తోసిందెవరు?"

"నేనే."

"ఎందుకు?"

పేజీలబ్బాయి నేలమీద వేలితో గీతలు గీస్తున్నాడు. నాలుగు రోజులుగా పోలీసులకీ ఇదే జవాబు. నేనే తీశాను, ఎందుకని అడక్కండి. వీడు చెప్పకపోతే వాళ్ళే ఒక కారణం అల్లారు. రెండు నెలల కిందట ఆస్పత్రి సూపరింటెండెంట్ పదిమందిలో వీణ్ణి "అక్షరాలు అతికించుకునేవాడివి, నాకు చెప్పొచ్చావా" అన్నాడట. ఆ కడుపుమంటతో ఆస్పత్రిని బజారుకీడ్చడానికి కావాలనే హెచ్చరిక దాచేశాడని కేసు. కావాలని అంటే హత్యే. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఛార్జిషీటు కోర్టుకి వెళ్ళిపోతుంది.

"ఒరేయ్ నాయనా, నువ్వు ఎవరినో కాస్తున్నావు. మీ ఓనరునేనా? వాడు నీకేమన్నా మేనమామా, జైలుకెళ్ళి మరీ కాయడానికి? అవతల మీ అక్క నా ఆఫీసు మెట్లమీద కూర్చుని మా తమ్ముడు చీమకి కూడా హాని చెయ్యడు బాబూ అని ఒకటే ఏడుపు..."

అక్క అనగానే వాడు తలెత్తాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అక్క అన్నం తింటోందా సార్?"

"నువ్వు లోపలుంటే ముద్ద ఎలా దిగుతుంది?"

"సార్, మీరు ఎక్కడికైనా వెళ్ళండి. మా ఇంటికి మాత్రం వెళ్ళకండి. మీకు దండం పెడతాను."

కానిస్టేబుల్ తాళంచెవి గలగలలాడించాడు. భూతద్దం లేచాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో 'అక్కడికి మాత్రం వెళ్ళకండి' అన్న ప్రతివాడూ ఏదో ఒకటి అక్కడే దాచాడు. అంటే ఆ ఇంట్లో ఏదో ఉంది. అలా అనుకుని హుషారుగా మెట్లు దిగాడు పాపం.

ప్రెస్సుకి చేరేసరికి పదకొండూ ఇరవై. ఓనరు ఎదురొచ్చి కుర్చీ వేసి, టీ తెప్పిస్తానని, ఫ్యాను పెంచుతానని హడావిడి చేశాడు. భూతద్దం కుర్చీ జరిపి తిన్నగా పేజీలబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"కరపత్రం ఫైలు తెరవండి."

ఓనరు తెరిచాడు. మంగళవారం సాయంత్రం నాలుగూ ముప్ఫై ఐదుకి ఒక ప్రింటు తీశారు. మళ్ళీ బుధవారం పొద్దున్న ఎనిమిదీ ఐదుకి ఫైలు మారింది. పది గంటలకి ఆస్పత్రి డాక్టరు వచ్చి సంతకం పెట్టాడు.

"డాక్టరు ఎంతసేపు చదివాడు?"

"చదవడమా? స్కూటర్ ఇంజను కూడా ఆపలేదండీ. గుమ్మంలోనే గీకి పోయాడు."

"సరే. బుధవారం ఎనిమిదికి తలుపు తీసిందెవరు?"

"నేనే. తాళం నా దగ్గరే ఉంటుంది."

"హాజరు పుస్తకంలో మీ పేజీలబ్బాయి వచ్చింది తొమ్మిదింటికి. ఎనిమిదీ ఐదుకి ఫైలు మార్చిందెవరు మరి? దెయ్యమా?"

"పుస్తకంలో ఎవడు ఎప్పుడొచ్చినా తొమ్మిదే రాస్తామండీ. ఆ రోజు నాకంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు వాడు. ఒట్టు!"

"అబ్బో! నా చెవిలో పువ్వు కనిపిస్తోందా మీకు?"

పక్కగదిలో కాగితాలు మడతపెడుతున్న ఆవిడ చెయ్యి ఆపి ఇటే చూస్తోంది. భూతద్దం అటు తిరిగాడు.

"మంగళవారం ఇక్కడేమన్నా గొడవ జరిగిందా అమ్మా?"

"గొడవంటే గొడవ కాదండీ. ఆ నల్లడబ్బా సిరా తాగేస్తోంది, మెషినులో ఆరక ముందే మడతపెడితే పక్క కాగితానికి అంటుకుంటోంది, తీసి పారెయ్యరా అని ఓనరుగారు అరిచారు. పేజీలబ్బాయి తియ్యనంటే తియ్యనన్నాడు. ఇంటికి తీసుకెళ్తా, అక్క చూశాకే చెప్తా అన్నాడు."

"అక్క చూడటమేమిటి?"

ఆవిడ నవ్వింది. నాలుగు రోజుల్లో ఆ ప్రెస్సులో నవ్వు వినపడటం అదే మొదటిసారేమో. "అది వాడి చాదస్తం బాబూ. ఏ కాగితం చేసినా ఇంటికి పట్టుకెళ్ళి వంటింటి గోడకి అంటిస్తాడు. వాళ్ళక్క స్టూలు మీద కూర్చుని చదవాలి. వీడు గడియారం చూస్తూ ఆవిడ కళ్ళు ఎక్కడ ఆగాయో కనిపెట్టి అక్కడ ఎర్రచుక్క పెడతాడు. అక్క జంకిన చోట పేజీ తప్పన్నమాట! ఆవిడకి నచ్చితే ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెడుతుంది. ఆ కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో దాస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస."

భూతద్దం బల్లమీద చరిచాడు. దొరికింది! మంగళవారం నాలుగూ ముప్ఫై ఐదుకి తీసిన కాగితం, పైన నల్లడబ్బాతో, ఆకుపచ్చ టిక్కుతో ఆ పెట్టెలో ఉండి తీరాలి. అక్క పాస్ చేసిన పేజీని వాడు చచ్చినా మార్చడు. అంటే మర్నాడు పొద్దున్న మార్చింది ఈ సిరా పిసినారే!

"మీరు బయటికెక్కడికీ వెళ్ళకండి" అన్నాడు ఓనరుతో. ఓనరు మొహం పాలిపోయింది.

అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్. అంటే భూతద్దానికి సాక్షాత్తూ బావమరిది. ఒకప్పుడు ఇతని చేతికింద పని నేర్చుకున్నవాడు.

"ఏం బావా, నా సాక్షుల్ని బెదిరిస్తున్నావట?"

"సాక్షా? నీ సాక్షే దొంగరా! ఎనిమిదీ ఐదుకి ఎవరొచ్చారో అడిగావా వీణ్ణి?"

"అడిగాను. ముందే వచ్చి కూర్చున్నాడని ఎదురింటి బట్టల ఇస్త్రీవాడు కూడా చెప్పాడు. నిందితుడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి నీకు? వాడు నేను చేశాను మొర్రో అంటుంటే నువ్వు చెయ్యలేదు చెయ్యలేదు అని వెంటపడతావేంటి?"

"ఇస్త్రీవాడికి నాలుగు వారాల కిందటి బుధవారం గుర్తుందట, అది నువ్వు నమ్మావట! చదివిన చదువంతా ఏ గంగలో కలిపావురా?"

"బావా, మా అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్, గొంతు తగ్గించి. "ముగ్గురు చచ్చిపోయారు. ఒకావిడకి ఇద్దరు చంటిపిల్లలు. కారణం లేకుండా ఎవడూ హెచ్చరిక దాచడు. పగ కాకపోతే ఇంకేం కారణమో నువ్వు చెప్పు, వింటాను."

"చెప్పడం కాదు, చూపిస్తాను. మూడున్నరకి వాళ్ళింటికి రా. ఛార్జిషీటు కూడా పట్టుకురా, అక్కడే చింపుదువుగాని. వాళ్ళక్క ఆకుపచ్చ టిక్కు పెట్టిన కాగితం నీ చేతిలో పెట్టకపోతే ఈ గాజుముక్క నీ బల్లమీద పడేసి ఇంట్లో కూర్చుంటాను."

"మాట మీద ఉంటావా?"

"నేను ఎప్పుడు తప్పానురా?"

ఎవరైనా ఒక్కసారి ఆపి ఉంటే బాగుండేది. ఎవరూ ఆపలేదు.

మూడూ ఇరవై ఐదుకల్లా భూతద్దం ఆ ఇంట్లో ఉన్నాడు. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటి గోడకి ఒకచోట సున్నం పెచ్చులూడి చదరంగా మచ్చ పడింది. ఇరవై ఏళ్ళు కాగితాలు అంటించి పీకిన చోటు. దానికెదురుగా మూడు మూరల దూరంలో స్టూలు. స్టూలు కాళ్ళు కదలకుండా నేలమీద నాలుగు గుర్తులు గీసి ఉన్నాయి. అగ్గిపెట్టె మీద, ఉప్పుడబ్బా మీద, నీళ్ళ బిందె పక్కన, అన్నిటిమీదా చీటీలు. అక్షరాలు ఎంత తేటగా ఉన్నాయంటే, అరవై దాటిన ఆవిడ కళ్ళజోడు లేకుండా చదవగలదు.

"మా వాడే రాసి అంటించాడు బాబూ. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు అమ్మా నాన్నా పోయారు. నేనే పెంచాను. నా చూపు తగ్గుతుంటే వాడు అక్షరాలు పెంచుకుంటూ వచ్చాడు" అంది అక్క. మోకాళ్ళు వాచి ఉన్నాయి, గోడ పట్టుకుని నడుస్తోంది. "ఆ ప్రెస్సులో ఎవరో చెడగొట్టారు బాబూ వాడి పేజీ. కాగితం మారిపోవడం వల్ల మనుషులు పోయారన్నారు గానీ ఏం మారిందో నాకెవరూ చెప్పరు. అచ్చయి వచ్చిన ఆస్పత్రి కాగితం నా కళ్ళపడనివ్వలేదు ఎవరూ. వాణ్ణి అడిగితే, అచ్చుతప్పక్కా, నీకెందుకు అన్నాడు."

"ఇవాళతో తేలిపోతుంది అక్కయ్యగారూ. పెట్టె తియ్యండి."

ఇన్‌స్పెక్టర్ చెప్పిన టైముకే వచ్చాడు. చంకలో ఫైలు. అతన్ని చూడగానే అక్క భయపడి కొంగు సర్దుకుంది. "భయపడకండి, వీడు మా బావమరిదే" అన్నాడు భూతద్దం దర్జాగా.

ఆవిడ ట్రంకుపెట్టె మూత ఎత్తింది. నెలకో కట్ట, కట్టకో దారం. పోయిన నెల కట్ట విప్పి, ఒక్కొక్క కాగితం మొహం దగ్గర పెట్టుకుని చూసి, ఒకటి పైకి తీసింది.

"ఇదిగో బాబూ."

భూతద్దం లాక్కున్నంత పని చేశాడు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో మంగళవారం తేదీ, నాలుగూ ముప్ఫై ఐదు. పైన, అరచేతి వెడల్పున నల్లడబ్బా. అందులో తెల్లగా: 'ఈ మాత్ర వారానికి ఒక్కటే. రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది.' గుడ్డివాడు తప్ప ఎవడూ చదవకుండా ఉండలేడు. భూతద్దానికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

"చూశావా! ఇదీ మనవాడు చేసిన పేజీ. ఇలాంటి పేజీ చేసినవాడు పగతో మనుషుల్ని చంపుతాడా? చింపు నీ ఫైలు!"

ఇన్‌స్పెక్టర్ కాగితం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ముందూ వెనకా తిప్పి చూశాడు.

"టిక్కేది బావా?"

"ఏది?"

"ఆకుపచ్చ టిక్కు. నువ్వే కదా అన్నావు. దీని మీద ఎర్రచుక్కలే ఉన్నాయి. డబ్బా చుట్టూ ఐదో ఆరో."

భూతద్దం జేబులోంచి గాజు తీసి మరీ చూశాడు. నిజమే. టిక్కు లేదు.

"దానికి నేను టిక్కెక్కడ పెట్టాను బాబూ?" అంది అక్క వెనకనుంచి. "అది పాస్ అవలేదుగా. పాసైంది ఇది." ఆవిడ చేతిలో ఇంకో కాగితం ఉంది.

భూతద్దానికి ఒక్కసారిగా లాకప్ గుర్తొచ్చింది. మా ఇంటికి మాత్రం వెళ్ళకండి.

"అక్కయ్యగారూ, ఆగండి. ఒక్క నిమిషం..."

"ఎందుకు ఆగడం? ఇన్‌స్పెక్టరుగారు ఇంత దూరం వచ్చారు, చూడనివ్వండి. మా వాడు ఎంత శ్రద్ధగా చేస్తాడో ఆయనకీ తెలియాలిగా." ఆవిడ కాగితం మడత విప్పి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. కత్తెరతో కోసి, జిగురుతో అతికించి సర్దిన పేజీ. నల్లడబ్బా ఉన్న చోట 'కీళ్లనొప్పులకి ఇక సెలవు!' వచ్చింది. వెనకవైపు మూడో పేరాలో, ఐదో వరసలో, పేజీలబ్బాయి చేతిరాతతో: 'ఈ మాత్ర వారానికోసారి వేసుకుంటే సరిపోతుంది.' కింద మూల, ఇంత పొడుగు ఆకుపచ్చ టిక్కు.

"ఇలా మార్చమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా.

"నేనే చెప్పాను బాబూ!" ఆవిడ గొంతులో ఎంత మురిపెం! "గోడకి అంటించగానే నా గుండె గుభేలుమంది. ఆ నల్లడబ్బా ఏంట్రా, చావు కబురు మోసుకొచ్చినట్టుంది, ఇది చూస్తే నాబోటి మోకాళ్ళ నొప్పుల మనిషి మాత్ర ముట్టుకుంటుందా, నొప్పితోనే చస్తుంది అన్నాను. కిందెక్కడో పెట్టు, ప్రాణాలు గీణాలు అనకుండా మెత్తగా రాయి అన్నాను. వాడు చాలాసేపు గింజుకున్నాడు. ఒకే కాగితం ఒకేరోజు నీకు రెండుసార్లు చూపించకూడదక్కా, వారం ఆగాలి అని వాడి రూలు. కానీ ఆస్పత్రివాళ్ళకి పొద్దున్నే కావాలిట. అందుకని అక్కడే బల్లమీద కోసి అతికించి, అన్నం వండేలోపల, రెండువైపులూ కనపడేలా మడత విప్పి మళ్ళీ అంటించాడు."

"చదివారా?"

"చదవడమా! మొదటిదానికి పదకొండు సెకన్లు పట్టింది. దీనికి నాలుగే నాలుగు! ఏం అర్థమైందక్కా అన్నాడు. వారానికి ఒక్కటే, రోజూ వేసుకుంటే ప్రమాదం అని టక్కున చెప్పేశాను. వాడు ఎంత సంతోషపడ్డాడో!"

భూతద్దం గోడకి ఆనుకున్నాడు.

"ప్రమాదం అని ఈ కాగితంలో ఎక్కడుందమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో పోలీసు లేడు.

"ఎక్కడో ఉంటుంది బాబూ, వెనకాల. నేను అంత దూరం చూడలేదు. నాకు ముందే తెలుసుగా, మొదటి కాగితంలో చదివాను క..."

పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ దించలేదు. అక్క ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితాన్ని చూసింది, కిటికీ అంచున ఉన్న మొదటి కాగితాన్ని చూసింది, మళ్ళీ ఇటు చూసింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఒకటీ రెండూ అని సెకన్లు లెక్కపెడుతున్నట్టు.

"ఆ పోయిన ముగ్గురూ... వాళ్ళు మొదటి కాగితం చూడలేదు కదూ బాబూ?"

భూతద్దం తలదించుకున్నాడు. ఏ తమ్ముడు నాలుగు రోజులుగా దెబ్బలు తిని, నోరు కుట్టుకుని ఈ ఒక్క ప్రశ్న ఈ ఇంట్లోకి రాకుండా కాపు కాశాడో, ఆ తమ్ముడి రహస్యాన్ని తను పోలీసుని వెంటబెట్టుకొచ్చి మరీ తవ్వి పోశాడు. గెలుద్దామని వచ్చాడు!

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు.

"పగ అన్న ముక్క కొట్టేస్తాను బావా. హత్య కాదు, నిర్లక్ష్యం. వాడికి శిక్ష బాగా తగ్గుతుంది. నువ్వు గెలిచావు." కలం మూత తీశాడు. "కానీ మార్పించింది ఎవరో రాయాలి. నేను విన్నాను. విననట్టు ఉండలేను."

"ఒరేయ్, నీకూ ఒక అక్కుందిరా" అన్నాడు భూతద్దం.

"తెలుసు. అందుకే చెయ్యి రావడం లేదు."

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. అక్క గోడ పట్టుకుని స్టూలు దగ్గరికి నడిచింది, కూర్చుంది. వాచిన మోకాళ్ళమీద రెండు చేతులూ పెట్టుకుని, సున్నం ఊడిన ఆ చదరాన్ని చూసింది.

"రాయండి బాబూ, నా పేరు. పెద్ద అక్షరాలతో రాయండి. పైనే రాయండి. కింద పెడితే ఎవరూ చూడరు."